క్లిక్కు సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: "ఎక్కువ కట్టినవాడే పైవాడు, నొక్కినవాడెల్ల మనవాడు."

ప్రతిపదార్థము: కట్టినవాడు = గూగుల్ ప్రకటనకు సొమ్ము చెల్లించు వర్తకుడు; పైవాడు = వెదికిన పుటలో తొలి వరుస నలంకరించినవాడు (భగవంతుడని కొందరందురు, ప్రకరణమునకు పొసగదు); నొక్కినవాడు = ఫోనుపై వేలు మోపినవాడు, వేలు జారినవాడును ఇందే చేరును; మనవాడు = కొనబోవువాడని వర్తకుని ఆశ.

టీక: ఈ సూత్రము గురుముఖతః కాక పొరుగు అంగడివాని ముఖతః వ్యాపించినది. దీని దోషమంతయు ప్రకటనను హోర్డింగు అద్దెగా భావించుటలో నున్నది. పూర్వార్ధమునకు ఒకనాడు ప్రమాణము లేకపోలేదు. 1998లో అమెరికాలో బిల్ గ్రాస్ స్థాపించిన గోటు.కామ్ క్లిక్కులకు వేలంపాట పెట్టినప్పుడు ఎవడెక్కువ పాడిన వాడే మొదటివాడు. ఎవడెంత పాడెనో పక్కనే చూపెడివారు. 2002లో గూగుల్ ఆ పద్ధతి చేపట్టి ఒక మెలిక పెట్టినది. నొక్కితేనే రాబడి గనుక, ఎవరును నొక్కని ప్రకటనకు వేయి రూపాయలు పాడినను గల్లాపెట్టెలో పడునది సున్న. అందుచేత పాటను నొక్కుడు అవకాశముతో గుణించి వరుస తేల్చిరి. "విజయవాడ పెళ్లి క్యాటరింగ్" అను మాటకు ఇద్దరు పోటీపడిరనుకొందము. మొదటివాడు క్లిక్కుకు 40 రూపాయలు పాడెను, వాని ప్రకటనను నూటికి ఇద్దరు నొక్కుదురు. రెండవవాడు 25 పాడెను, నూటికి నలుగురు నొక్కుదురు. వేయిమార్లు చూపినచో మొదటివాని లెక్క 800, రెండవవానిది 1000. కావున రెండవవాడే పైవాడు. పైగా వాడు కట్టునది 25 కాదు, 800ను దాటుటకు చాలినంత, అనగా సుమారు 20 రూపాయలు. నేడు ప్రకటన నొక్కగా తెరుచుకొను పుట నాణ్యత, వెదకినవాని ఊరు, వేళ మున్నగునవి చేరి లెక్క చిక్కుపడినను మొదలిదే.

ఇక్కడ ఆక్షేపము: "మొదటివాడు పంతమునకు 400 పాడినచో పైకి పోడా?" నిక్షేపముగా పోవును. అయితే 1000ని దాటుటకు వానికి క్లిక్కొక్కింటికి 50 పైచిలుకు పడును. అవతలివానికి ఆ చోటు 20కే దొరికినది. అంత కట్టినను, దిగువన ఉచితముగా వచ్చు జాబితాలో వాని స్థానము వెంట్రుకవాసి కదలదు.

ఉత్తరార్ధము మరింత ప్రమాదకరము. "నొక్కినవారు కొన్నట్లు లెక్కలు చూపుచున్నవి గదా" అని వర్తకుడనును. లెక్క నిజమే, ప్రకటన లేకున్నను వారు వచ్చెడివారా అన్నది ఆ లెక్కలో లేదు. 2012లో ఈబే సంస్థ తన పేరును వెదకువారికి యాహూ, ఎంఎస్ఎన్‌లలో ప్రకటన చూపుట మాని పరీక్షించినది. పోయిన క్లిక్కులలో 99.5 శాతము కిందనున్న ఉచిత లంకె ద్వారా తిరిగి చేరెను. అనగా తన ఇంటికి వచ్చు చుట్టమునకు తానే ఆటో కిరాయి కట్టినది. బ్లేక్, నోస్కో, టడెలిస్ అనువారు 2015లో ప్రకటించిన పరిశోధనలో ఈ సంగతి కలదు.

"ఈబే పేరు లోకవిదితము, మా క్యాటరింగు ఎవరికి తెలియును?" అను ప్రశ్న సమంజసము, త్రోసివేయరాదు. అదే పరిశోధనలో, సామాన్య పదములకు వేసిన ప్రకటనలు కొత్తవారిని, అరుదుగా కొనువారిని కదిలించినట్లు తేలినది. ఖర్చులో అధికభాగము మాత్రము తరచు కొనువారిపైననే పోయెను. కనుక కొత్త అంగడికి ప్రకటన వ్యర్థమనుట తప్పు, ఎవరు నొక్కుచున్నారో చూడకుండుట తప్పున్నర. జనులు ఏ మాటలు వెదకి వచ్చిరో చూపు సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరచినచో "క్యాటరింగ్ ఉద్యోగాలు", "క్యాటరింగ్ కోర్సు ఫీజు", "వంట పాత్రలు అద్దెకు" అని వెదకి వచ్చినవారు బారులు తీరి కనిపింతురు. వీరిలో పెళ్లిభోజనము కావలసినవాడు లేడు; బిల్లు మాత్రము అందరి పేర వచ్చినది. ఉద్యోగాలు, కోర్సు, అద్దెకు అను మాటలను నెగటివ్ కీవర్డులుగా, అనగా వెదకినను ప్రకటన చూపకూడని మాటలుగా, చేర్చుటకు పది నిమిషములు చాలును. బడ్జెట్టు పెంచమని ఏజెన్సీని అడుగుటకు ముందే ఆ పని చేయవలెను.