పైనాపిల్ టార్టులూ, పయనాల బిల్లులూ

సింగపూర్ విదేశాంగ శాఖలో ప్రోటోకాల్ చీఫ్‌గా పనిచేసిన లిమ్ చెంగ్ హో గారు, విదేశీ పర్యటనల్లో కానుకలివ్వడానికని 10,075 డబ్బాల పైనాపిల్ టార్టులు కొన్నట్టు లెక్క రాశారు. నిజంగా కొన్నవి 2,226. మిగతా 7,849 డబ్బాలూ కాగితం మీదే వండారు, కాగితం మీదే పంచారు. వైను 248 సీసాలన్నారు, కొన్నవి 89. 2008 నుంచి 2012 దాకా సాగిన ఈ వడ్డనలో ప్రభుత్వానికి పడిన బొక్క సుమారు 89,000 సింగపూర్ డాలర్లు. 2014లో కోర్టు 15 నెలల జైలు వేసింది.

మన ఆఫీసుల్లో ఎవరైనా ఈ కథ వింటే ఆశ్చర్యపోయేది మోసానికి కాదు. "నాలుగేళ్లలో అన్ని బిల్లులు పాసయ్యాయా! ఒక్కటీ ట్రెజరీ నుంచి వెనక్కి రాలేదా!" అని నోరెళ్లబెడతారు.

మరి మన సంగతి తెలిసిందేగా. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లొచ్చిన జూనియర్ అసిస్టెంటు టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు పెడితే, టూర్ డైరీ జతచేయలేదని వెనక్కొస్తుంది. జతచేస్తే అందులో ఆఫీసరు సంతకం లేదంటారు. సంతకం పెట్టించుకొస్తే, వెళ్లిన ఊరు ఎనిమిది కిలోమీటర్లు దాటిందని సర్టిఫికెట్ ఏదీ అంటారు. (నరసరావుపేట రోజూ జరుగుతూ ఉంటుంది కాబోలు.) అన్నీ సరిపోయేసరికి బడ్జెట్ రిలీజ్ కాలేదు. రిలీజయ్యేసరికి మార్చి 31 దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో బిల్లుల్ని కంప్యూటర్లో నడిపే సీఎఫ్ఎంఎస్ వచ్చాక ఒక మేలు జరిగిందండోయ్: బిల్లు ఎక్కడ ఆగిందో తెర మీద చూసుకోవచ్చు. ఆగడం మాత్రం ఆగలేదు.

సింగపూర్ వాళ్లు 2006లోనే ఆర్థిక శాఖ కింద వైటల్ అనే ఉమ్మడి సేవల విభాగం పెట్టుకున్నారు. ఏ శాఖకాశాఖ గుమాస్తాల దండును మేపకుండా, జీతాలూ ఖర్చుల బిల్లులూ చాలా శాఖలవి ఒకేచోట చూస్తారు. ప్రయాణాల లెక్కా అంతే తేలిక: 2019లో సింప్లీగో అనే చెల్లింపు పద్ధతి వచ్చాక బస్సుకైనా రైలుకైనా బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో, ఎంత పట్టుకున్నారో యాప్‌లో కనిపిస్తుంది. తూర్పు నుంచి పడమరకు యాభై కిలోమీటర్లుండే దేశం అది. ఎనిమిది కిలోమీటర్లు దాటితేనే టీఏ అనే మన రూలు అక్కడ పెడితే సగం మంది ఉద్యోగులు సొంత డబ్బుతో తిరగాలి.

అంత పద్ధతిగల చోట కూడా టార్టులు దాటిపోయాయి కాబట్టి మన పద్ధతే నయమనే మేధావులు బయల్దేరతారు. వారితో నాకు పేచీ. మన సూపరింటెండెంటు గారు ఆ బిల్లునూ తిప్పిపంపేవారు, నిజమే. పదివేల డబ్బాలెందుకని అడిగి కాదు, రెవెన్యూ స్టాంపు అంటించలేదని. స్టాంపు అంటిస్తే పాస్! దొంగ దగ్గర రసీదులన్నీ సిద్ధంగా ఉంటాయి. ఆటో ఎక్కిన నిజాయితీపరుడి దగ్గరే కాగితం ఉండదు. సంతకం మీద సంతకం పెంచుకుంటూ పోతే ఆగేది ఆ రెండోవాడే.

2015లో సింగపూర్ నుంచి అమరావతికి మాస్టర్ ప్లాన్ తెచ్చుకున్నాం. ఈసారి అక్కడికి అధ్యయనానికి వెళ్లే అధికారుల బృందానికి ఒక్క విన్నపం: ఆకాశహర్మ్యాలు చూశాక, దయచేసి ఆ బిల్లుల ఆఫీసులో కూడా ఒక పూట కూర్చుని రండి. తిరిగొచ్చిన రోజే మీ టీఏ బిల్లు పెట్టేసుకోండి. రిటైరయ్యేలోగా పాస్ కావాలి కదా!