సైకిలు బిళ్ళ రోజులు

ఏమి నాయనా, 2024 జూన్‌లో పెట్రోలు మీద మూడు రూపాయలు పెంచితే నువ్వేం చేశావు? ఫోనులో ఓ ఏడుపుబొమ్మ పెట్టావు, అంతేగా! కర్ణాటక సర్కారు పెట్రోలు మీద అమ్మకపు పన్నును 25.92 శాతం నుంచి 29.84కి, డీజిలు మీద 14.34 నుంచి 18.44కి లాగింది. బీజేపీ వాళ్ళు రోడ్డెక్కారు. పక్క రాష్ట్రాల కంటే మా దగ్గరే తక్కువ కదా అన్నారు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య. నువ్వేమో ట్యాంకు నింపించుకుని పోయి బెంగళూరు సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్కులో కూర్చున్నావు.

మా రోజుల్లో పన్నుకో మొహం ఉండేది. సీమలో మా ఊళ్ళో మునిసిపాలిటీ మనిషి రోడ్డు మధ్యలో నిలబడి సైకిలుకు పన్ను కట్టిన బిళ్ళ ఉందా లేదా అని చూసేవాడు. లేదంటే సైకిలు లాక్కునేవాడు. ఆయన ఫలానా చోట కాపు కాశాడని తెలిస్తే మేము సందులన్నీ చుట్టి బడికి ఆలస్యంగా చేరేవాళ్ళం. రేడియోకూ లైసెన్సే, పోస్టాఫీసుకు వెళ్ళి డబ్బు కట్టాలి. కడుపు మండితే ఎదురుగా ఉన్నవాణ్ణి నాలుగు తిట్టేవాళ్ళం, అతనూ తగ్గేవాడు కాదు, తర్వాత ఇద్దరం కలిసి టీ తాగేవాళ్ళం. ఇప్పుడు నువ్వెవర్ని తిడతావు? బంకులో పైపు పట్టుకున్న కుర్రాణ్ణా?

ఇక చర్చలంటావా, చర్చలు మావి. ఇందిరమ్మ హయాంలో, 1973-74లో, రెండు లక్షలు దాటిన ఆదాయం మీద సర్‌చార్జీతో కలిపి పన్ను 97.75 శాతం. నూటికి మిగిలేది రెండుంపావలా! పేదరికం పోవాలంటే ఇదే మందని ఒకడు, ఇలాగైతే కలిగినవాళ్ళంతా లెక్కలు దాస్తారని ఇంకొకడు, మా ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు చల్లారిపోయేదాకా కొట్లాట. ఆ రెండు లక్షలు మాలో ఎవడికీ కలలో కూడా కనబడలేదనుకో. అయినా సొంత ఆస్తి జప్తు అయినట్టు అరుచుకున్నాం. అంత శ్రద్ధ మీకేదీ?

ఇప్పుడు కుర్చీని బట్టి పాట. 2024 ఫిబ్రవరిలో సిద్ధరామయ్య మంత్రుల్ని, ఎమ్మెల్యేల్ని వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్ళి, జంతర్ మంతర్ దగ్గర ‘నన్న తెరిగె, నన్న హక్కు’, అంటే నా పన్ను నా హక్కు, అని కూర్చున్నారు. 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో కర్ణాటక వాటాను 4.713 శాతం నుంచి 3.647కి దించేసిందని గోడు. గోడు నిజమే. ఆ లెక్కలు ఆర్థిక సంఘానివి, నా చేతిలో ఏముందన్నారు కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్. ఆవిడ రాజ్యసభకు వెళ్ళిందీ కర్ణాటక నుంచే! నాలుగు నెలలు తిరిగేసరికి పెట్రోలు మోత. ఎన్నికల్లో ఇచ్చిన గ్యారంటీలకు ఏడాదికి 50 వేల కోట్ల పైచిలుకు కావాలి మరి, ఎక్కణ్ణుంచి తెస్తారు? మన వైపూ ఇదే కథ. 1983లో రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తే, 1996లో చంద్రబాబు దాన్ని మూడున్నర చేశారు. ఇచ్చినప్పుడు ఖజానా ఖాళీ అని గోల, పెంచినప్పుడు పేదల కడుపు కొట్టారని గోల. రెండు గోలల్లోనూ నా గొంతు ఉందిలే.

అన్నిటికంటే వింత 2025 జూలైది. చిల్లర అంగళ్ళవాళ్ళు ఫోనులో తీసుకున్న డబ్బంతా కూడేసి, 40 లక్షలు దాటింది, జీఎస్టీ కట్టండని బెంగళూరులో పన్నుల శాఖవాళ్ళు నోటీసులు పంపారు. కూరగాయలకూ పాలకూ జీఎస్టీయే లేదు, వాటిని అమ్మేవాళ్ళకూ నోటీసులే! మర్నాటి నుంచి ఆ నలుపూ తెలుపూ గళ్ళ కాగితాలు పీకేసి, నగదు మాత్రమే అని బోర్డులు. మా వీధి అంగట్లో నువ్వు పది రూపాయల నోటు లేక తెల్లమొహం వేశావు చూడు, కొత్తిమీర కట్ట నేను కొనిపెట్టాను. జేబులో నోట్లు పెట్టుకునే ముసలాడు ఆ ఒక్క వారం పనికొచ్చాడు. తర్వాత ముఖ్యమంత్రి వర్తకుల్ని పిలిచి మాట్లాడాక ఆ వేడి చల్లారింది, మళ్ళీ గళ్ళ కాగితాలు అతికించారు. నా గిరాకీ పోయింది.

ఈ ఉచితాలే కొంప ముంచుతున్నాయని మీ అమ్మమ్మతో రోజూ అంటాను. ఆవిడ ఉచిత బస్సెక్కి మల్లేశ్వరం మార్కెట్టుకు వెళ్ళిపోతుంది, నేను అరుస్తూ ఉంటాను. అన్నట్టు, ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లూ మనమే కట్టాలి. ఈ నెల మీటరు పరుగెడుతోంది. ఆ పక్కగదిలో ఫ్యాను ఆపి వచ్చావా, లేదా?