మూల మూలకూ వైఫై, మూలన పడ్డ రౌటర్

మెష్ వైఫై లేని ఇల్లు ఇల్లే కాదట. హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి, దేవుడి గదిలో ఒకటి తెల్ల డబ్బాలు ప్రతిష్ఠిస్తే సిగ్నల్ ఇల్లంతా అల్లుకుంటుందట. ఆ డబ్బాల వెనక లాన్ పోర్టు ఎందుకుందో మాత్రం ప్రకటనలో చెప్పరు. కేబుల్‌తో కలిపితే ఇంకా బాగా నడుస్తాయని తయారీదారులే ఒప్పుకుంటారు. వైరు బెడద తప్పించుకోవడానికి వేలు పోసి కొన్న సరుకుకు చివరికి వైరే దిక్కు!

అంత పెట్టలేని వాళ్లకు రిపీటర్ అంటగడతారు. ఒకే రేడియో ఉన్న రిపీటర్‌తో వేగం దాదాపు సగానికి పడిపోతుంది, అది పోనీ. అసలు వింత, బిగించడానికి వచ్చినవాడు పాత రౌటర్ వాన్ పోర్టులో కేబుల్ గుచ్చి ‘రెండో వైఫై’ పెట్టేసి పోవడం. ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్కుల వేరు కాపురం. కంప్యూటర్, ప్రింటర్ ఒకవైపు, ఫోన్లు మరోవైపు. ఫోన్‌లోని ఆధార్ కాపీ తీద్దామంటే పక్కగదిలోని ప్రింటర్ జాబితాలోనే కనిపించదు. దాంతో ఆ ఫైలును వాట్సాప్‌లో తమకు తామే పంపుకుని, కంప్యూటర్‌లో దించుకుని ప్రింట్ కొడతారు. గోడ అవతలికి వెళ్లాల్సిన కాగితం ఎక్కడో సర్వర్ దర్శనం చేసుకుని తిరిగొస్తుంది. నెట్ పోయిన రోజు ఆ యాత్ర కూడా లేదు. ఇది సాంకేతిక సమస్య కాదు, పచ్చి బద్ధకం. డబ్బు తీసుకున్నవాడు చేయాల్సింది ఇంతే: పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపాలి. రెండింటి చిరునామా 192.168.1.1 అయితే పాతదానికి 192.168.1.2 ఇవ్వాలి. కేబుల్‌ను వాన్‌లోంచి పీకి లాన్ పోర్టులో పెట్టాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఉంచాలి. ఈ నాలుగు పనులు చేతకాని వాడు మెష్ అమ్మడానికి మాత్రం ఎక్కడలేని జ్ఞానం ఒలకబోస్తాడు.

వైరుతో గోడల అందం పోతుందంటారు. గోడ అడుగున పీవీసీ కేసింగ్ కొడితే ఎవరికీ కనపడదు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది, మన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు అది ఎక్కువే. పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్ దాటవు కదా అంటారా? ప్లానే అంత ఉన్నప్పుడు లోటేమిటి? వీడియో కాల్‌లో మాట్లాడుతూ గది మారితే క్షణం తడబడొచ్చు, నిజమే. ఆ క్షణం కోసం వేలు తగలేయాలా? మూడంతస్తుల ఇల్లు, వైరు లాగే దారే లేదు అనుకుంటే మెష్ కొనుక్కోండి, ఎవరూ వద్దనరు. మిగతావాళ్లు అటక మీది పాత రౌటర్‌ను పాత సామాన్ల వాడికి వేయకండి.