సర్వర్లో లింకు, ల్యాప్‌టాప్‌లో బ్రౌజరు: ఓ మార్గదర్శి

ముందు మెయిలును అందరిలా బ్రౌజర్లో చదవడం మానేయండి. ఎక్కడో ఉన్న సర్వర్లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి, టెర్మినల్ తెరను ముక్కలు చేసుకోనిచ్చే టీమక్స్ తెరిచి, అందులో మెయిలు చదివే మట్ నడపండి. బొమ్మలుండవు, ప్రకటనలుండవు. ఎవరో ఒక లింకు పంపేదాకా మీకు ఏ లోటూ ఉండదు.

లింకు వచ్చిందా? నొక్కండి. టీమక్స్‌లో మౌస్ మోడ్ పెట్టుకున్నారు కాబట్టి ఆ నొక్కుడును టీమక్స్ మింగేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే చాలా టెర్మినళ్లలో పనైపోతుందంటారు. అంత తేలిక దారి పట్టే మనిషే అయితే మట్ దాకా వచ్చేవారా?

కాబట్టి మౌస్ మోడ్ ఆపి, మౌస్‌తో గీసి కాపీ చేయండి. వరుసలో ఇమడని చిరునామాను మట్ విరిచి, కింది వరుస మొదట్లో ఒక ప్లస్ గుర్తు పెడుతుంది. తెరను నిలువునా రెండుగా చీల్చుకుని ఉంటే మధ్య గీతా, పక్క భాగంలోని ముక్కలూ కలిసొస్తాయి. బియ్యంలో రాళ్లలా ఏరుకోండి. ఆ ప్లస్‌ను ఆపే సెట్టింగు ఒక్క లైనే. పెట్టుకోకండి, సాయంత్రాలు ఎలా గడుస్తాయి?

విసుగొస్తే యూఆర్‌ఎల్‌వ్యూ ఉంది. లింకులన్నీ వరసగా చూపిస్తుంది, ఎంటర్ కొడితే బ్రౌజరూ తెరుస్తుంది, కాకపోతే సర్వర్లో. అక్కడ దొరికేది 1992లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన, అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజరు లింక్స్. వచ్చింది వీడియో అయితే దాని పేరు చదువుకుని తృప్తి పడండి.

ఇక పెద్ద విద్య, రివర్స్ టన్నెల్. సర్వర్లోని ఒక పోర్టుకు పంపిన చిరునామా ఎస్‌ఎస్‌హెచ్ గుండా మీ ల్యాప్‌టాప్‌కు చేరుతుంది. ఇక్కడ కూర్చున్న చిన్న స్క్రిప్టు దాన్ని బ్రౌజరుకు అందిస్తుంది. నిజంగానే పనిచేస్తుంది, అదే దీనితో వచ్చిన చిక్కు. వచ్చింది హెచ్‌టీటీపీ చిరునామాయేనా అని చూడకుండా ఉన్నదున్నట్టు షెల్ చేతిలో పెట్టండి. మధ్యలో యాంపర్‌శాండ్ ఉంటే చిరునామా సగమే తెరుచుకుంటుంది. అదే సర్వర్లోని ఇంకో యూజరు ఆ పోర్టు కనిపెట్టి కమాండ్ పంపాడా, మీ ల్యాప్‌టాప్ మొత్తం తెరుచుకుంటుంది.

ఇంత గొడవ లేని పద్ధతీ ఒకటుంది, ఓఎస్‌సీ 8. చిరునామా పొడవైనదైనా అక్షరాల వెనక దాగి నేరుగా మీ టెర్మినల్‌కు వస్తుంది, నొక్కితే మీ బ్రౌజరే తెరుచుకుంటుంది. జీనోమ్ టెర్మినల్, ఐటర్మ్2 దీన్ని 2017లోనే నేర్చుకున్నాయి. టీమక్స్‌కు మాత్రం 2024లో, 3.4 వెర్షన్‌తో గానీ తీరిక దొరకలేదు. మీ సర్వర్లో ఉన్నది అంతకన్నా పాతదే అయ్యుంటుంది. అప్‌గ్రేడ్ చేయమని అడ్మిన్‌కు మెయిలు పెట్టండి. జవాబుగా ఆయన ఒక లింకు పంపుతారు.