బీరువాలో దత్తత ఉత్తర్వు

తన కథ చెప్పుకోమంటే ఈ దత్తత ఉత్తర్వు పుట్టినరోజు దగ్గర మొదలుపెట్టదు, బీరువా దగ్గరే మొదలుపెడుతుంది. లాకర్‌లో ఎల్ఐసీ బాండ్ల అడుగున, కలరా ఉండల వాసనలో ఆరేళ్లు. గుండుసూది తుప్పు పట్టి మొదటి పేజీ మూలకు ఎర్రటి మచ్చ దిగింది. చుట్టాలొస్తున్నారంటే చాలు, నానమ్మ బీరువా తాళం రెండుసార్లు లాగి చూసేది. “పిల్ల చెవిన పడిందంటే మనకు దూరమైపోతుందిరా” అని కొడుకుతో అనేది. ఆమె భయమూ ప్రేమే. అయినా దొంగ సొమ్ములా అలా దాచడం ఉత్తర్వుకు ఇప్పటికీ మింగుడుపడదు.

దాని పుణ్యమా అని వచ్చిన జనన ధ్రువపత్రం మాత్రం లామినేషన్ చేయించుకుని బడికీ ఆధార్ కేంద్రానికీ తిరిగొచ్చింది.

ఈ ఉత్తర్వు 2018లో ఓ కోర్టులో పుట్టింది. బాలల న్యాయ చట్టం ప్రకారం దత్తత విచారణ బయటివాళ్లు లేకుండా జరగాలి కాబట్టి గదిలో జనం లేరు. జడ్జిగారు సంతకం చేస్తుంటే ఏడాదిన్నర పాప నాన్న భుజం మీద నిద్రపోతోంది. శిశుగృహ నుంచి పాప ఆ ఇంటికొచ్చి అప్పటికే కొన్ని నెలలైంది. కానీ వారసత్వంతో సహా కన్నబిడ్డకుండే హక్కులన్నీ పాపకు దక్కింది ఈ కాగితంతోనే. ఆ గర్వం దానికి ఎన్నడూ పోలేదు.

ఓ పెళ్లి పందిట్లో దూరపు బంధువు నోరు జారింది. ఆ రాత్రి పాప అడిగింది: “అమ్మా, నన్ను కొనుక్కొచ్చారా?”

అమ్మ లాకర్ తీసింది. ఉత్తర్వును ఒళ్లో పెట్టుకుని ఒక్కో ఇంగ్లీషు వాక్యానికీ తెలుగులో అర్థం చెప్పింది. పిల్లల్ని కొనడం, అమ్మడం ఐదేళ్ల దాకా జైలు పడే నేరమని చెప్పింది. తాము కేంద్ర దత్తత సంస్థ ‘కారా’లో పేరు నమోదు చేసుకుని, ఇంటికొచ్చిన సోషల్ వర్కర్ అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పి, పిలుపు కోసం ఎదురుచూశామంది. పాప తన పేరు మీద వేలు పెట్టి “ఇది నేనేనా?” అని మళ్లీ మళ్లీ అడిగింది.

అప్పట్నుంచీ ఏటా ఇంట్లో పండగ. ఉత్తర్వు తేదీన కాదు, పాప ఇంటికొచ్చిన తేదీన. అదే న్యాయం, బిడ్డ గడప తొక్కిందే అసలు రోజు. సేమ్యా పాయసం, కొత్త గౌను, నానమ్మ చేతి హారతి, శిశుగృహ ఆయమ్మలకు మిఠాయిలు. కేకు పక్కనే ఉత్తర్వునూ పెడతారు. స్నేహితులు అదేమిటని అడిగితే పాపే చదివి వినిపిస్తుంది.

2022 సెప్టెంబరు 1 నుంచి ఇలాంటి ఉత్తర్వుల మీద కలెక్టరు సంతకం ఉంటోంది. సంతకం ఎవరిదైనా సరే, తన తర్వాత పుట్టిన ఆ కాగితాలు లాకర్ల పాలు కాకూడదన్నదే దీని కోరిక. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతికిపెట్టమని పాప సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చు. ఆ సంగతీ అమ్మ ముందే చెప్పేసింది. అప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నా తోడొస్తానని నాన్న మాటిచ్చాడు.