ఏది ఆపమంటారు?

శనివారం వాకిన్. మాదాపూర్‌లో మా ఆఫీసున్న భవనం గేటు దగ్గర తొమ్మిదింటికే లైను కట్టేశారు. హైటెక్ సిటీ మెట్రో దిగి నడిచొచ్చి చెమట తుడుచుకుంటున్నవాళ్ళు కొందరు, ఫోల్డరు చంకలో పెట్టుకుని పెదాలు కదుపుతూ జవాబులు అప్పజెప్పుకుంటున్నవాళ్ళు ఇంకొందరు. ఇంతమందికీ కలిపి టెస్టింగ్‌లో ఉన్న ఖాళీ ఒక్కటి. ప్యానెల్లో నేనూ, మా మేనేజరూ.

హెచ్ఆర్ ఇచ్చిన కాగితంలో చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. పని మధ్యలో ప్రయారిటీలు ఉన్నట్టుండి మారితే ఏం చేస్తారు, మీ అనుభవంలోంచి ఒకటి చెప్పండి అని. దీనికి జవాబు ఎలా కట్టాలో కూడా ఊరందరికీ తెలుసు. స్టార్ పద్ధతి: సందర్భమేమిటి, అందులో నీ బాధ్యతేమిటి, నువ్వేం చేశావు, ఫలితమేమిటి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల మాక్ ఇంటర్వ్యూలు పెట్టేవాళ్ళు దీన్ని ఎక్కాల్లా వల్లెవేయిస్తారు. పద్ధతిలో తప్పేం లేదు. నేనూ అలా చెప్పే ఇక్కడికొచ్చాను.

భోజనాల వేళకి తొమ్మిదిమంది అయ్యారు. తొమ్మిదిమందికీ శుక్రవారం సాయంత్రమే క్లయింట్ ఫోన్ చేశాడు. తొమ్మిదిమందీ మేనేజరుతో మాట్లాడి, పాత పనీ కొత్త పనీ రెండూ టైముకే ఇచ్చేశారు. తొమ్మిదిమందికీ మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. ఏదో వాట్సాప్ గ్రూపులో ఒకే పీడీఎఫ్ తిరుగుతోందన్నమాట. ఏడో కుర్రాడైతే క్లయింట్ పేరు చెప్పబోయి ‘ఎక్స్‌వైజెడ్ కంపెనీ’ అనేశాడు.

మా మేనేజరు సామాన్యుడు కాదు. 1998లో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన కొత్తల్లోనే ఈ లైన్లోకొచ్చి, వైటూకే హడావుడి నుంచి కరోనా దాకా అన్నీ చూసినవాడు. ఆ చివరి ప్రశ్న వేసే ముందు ప్రతివాళ్ళతోనూ ఒక మాటంటాడు: “మాది అజైల్ అండి. ఇక్కడ పొద్దున అనుకున్నది సాయంత్రానికి ఉండదు.” 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా మంచుకొండల్లో 17 మంది కూర్చుని ఈ అజైల్ అనే పని పద్ధతికి మూలమైన కాగితం రాసుకున్నారు. ప్లాన్‌ని పట్టుకు వేలాడటం కంటే మార్పుకు తగ్గట్టు నడుచుకోవడం ముఖ్యమని అందులో ఉన్న మాట నిజమే. ఎన్నాళ్ళైనా అలసిపోకుండా కొనసాగించగలిగే వేగంతోనే పని జరగాలని దాని సూత్రాల్లో ఇంకో మాట కూడా ఉంది. రెండోది మా మీటింగుల్లో ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

పదో నంబరు ఒకావిడ. ఎనిమిదేళ్ళ అనుభవం, రెజ్యూమె చివర ఏడు నెలల ఖాళీ. టెక్నికల్ ప్రశ్నలన్నిటికీ ఇంగ్లిష్‌లో చకచకా చెప్పింది. చివరి ప్రశ్న దగ్గర ఆగి, “తెలుగులో చెప్పొచ్చా సార్?” అంది.

“చెప్పండమ్మా,” అన్నాడు మేనేజరు.

“గురువారం నాలుగింటికి సార్. శనివారం రాత్రి రిలీజు. నేను రిఫండ్ టెస్టు చేస్తున్నా. నెట్ నెమ్మదిగా ఉంటే కస్టమరు ఊరుకోడు కదా, బటన్ రెండోసారి నొక్కుతాడు. అప్పుడు డబ్బు రెండుసార్లు వెనక్కి పోతోందేమోనని నాకు అనుమానం. ఇంకా తేలలేదు. అంతలో మా మేనేజరు వచ్చి, అది పక్కన పెట్టేసి రేపటి డెమో చూడమన్నారు.”

“మీరేమన్నారు?”

“చూస్తానన్నాను సార్. మరి రిఫండ్ ఎవరు చూస్తారని అడిగాను. రెండూ చెయ్యమన్నారు. ఒక రాత్రిలో రెండూ అవ్వవు, ఏది ఆపమంటారో చెప్పండి అన్నాను. డెమోనే ముఖ్యం అన్నారు. సరేనని సీటుకొచ్చి మూడు లైన్లు మెయిల్ పెట్టాను. మీరు చెప్పినట్టు డెమో తీసుకుంటున్నాను, రిఫండ్ టెస్టు సగంలో ఉంది, అది పూర్తవకుండా రిలీజైతే డబ్బు రెండుసార్లు పోవచ్చు, దీన్ని ఎవరికి అప్పగించమంటారు అని. డెవలపర్లనీ, రిలీజు చూసేవాళ్ళనీ సీసీలో పెట్టాను.”

నేను పెన్ను కింద పెట్టేశాను. పన్నెండేళ్ళుగా ఈ ప్రశ్న వేస్తున్నాను. మారిన పని ఎలా చేశారో అందరూ చెప్తారు. ఆగిపోయిన పని ఏమైందో చెప్పిన మొదటి మనిషి ఈమె. అసలు ప్రయారిటీ మారడమంటే ఏదో ఒకటి ఆగడమే కదా. ఆపేదేదో పైవాళ్ళ నోటితో చెప్పించి, దానికోసం ఎదురుచూసేవాళ్ళకి ఆ సంగతి ముందే తెలియజేయాలి. స్టార్‌లో ఆ గడే లేదు.

“ఎవరైనా రిప్లై ఇచ్చారా?” అడిగాను.

“లేదు సార్. డెమో మాత్రం బాగా జరిగింది. కేకు కోశారు.”

“మరి రిఫండ్?”

“సోమవారం పొద్దున్నుంచి రెండేసిసార్లు పోవడం మొదలైంది. పెద్ద కాల్ పెట్టారు. టెస్టింగ్ వాళ్ళెందుకు పట్టుకోలేదని అడిగారు. నేను ఏమీ మాట్లాడలేదు. గురువారం మెయిల్ మళ్ళీ ఫార్వర్డ్ చేశానంతే.”

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. మేనేజరు కాగితం వైపు చూసి, మిగిలిన గడి కోసం అడిగాడు: “ఓకే. రిజల్ట్ ఏంటి?”

ఆవిడ నవ్వింది. “ఇదే సార్. మీ ముందు కూర్చున్నాను.”

ఆవిడ వెళ్ళాక తలుపు మూసి, “ఈమెని తీసుకుందాం,” అన్నాను.

“మంచి టెస్టరే,” అన్నాడాయన వాచీ చూసుకుంటూ. “కానీ మెయిల్ పెడుతుంది.”

“మెయిల్ పెట్టడం తప్పా సార్?”

“తప్పని ఎవరన్నారు? రేపు ఆపమని చెప్పాల్సింది మనమే కదా బాస్.”

నాలుగో నంబరు కుర్రాణ్ణి టిక్ చేశాడు. పీడీఎఫ్ జవాబే, కానీ వాడు ఎక్కడా తడబడలేదు.

రిజెక్టు చేస్తే మా సిస్టంలో కారణం రాయడం తప్పనిసరి. ఆ గడి ఖాళీగా ఉంటే సబ్‌మిట్ బటన్ పనిచేయదు. కర్సరు అక్కడే కొట్టుకుంటోంది. “ఏం రాయమంటారు?” అని అడిగాను.

“ప్రయారిటీలు మారితే సర్దుకుపోలేకపోతున్నారని రాసెయ్.”

రాశాను. నా అప్రైజల్ మీటింగు ఆ వచ్చే మంగళవారమే.