టూ సారు

కరీంనగర్ టవర్ సర్కిల్ మొదలుకొని ఆదిలాబాద్ దాకా ఏ దావత్‌లో చూసినా ఒకరైనా తప్పక కనబడే ఈ పెద్దమనిషిని, ఆయన మాటతీరును బట్టి, 'టూ సారు' అనవచ్చు. ఆంగ్లంలో 'టూ' అనేది మితిమీరుటను తెలిపే క్రియావిశేషణం, అనగా ఒక గుణం అక్కరకు వచ్చే హద్దు దాటిపోయిందని చెప్పే మాట. తెలుగులో 'మరీ' చేసే పని అదే చేస్తుంది. 'వెరీ' అట్లా కాదు, అది మెప్పుకూ నొప్పికీ ఒక్కతీరుగా ఒదిగే ఈ ప్రాంతపు 'మస్తు'కు దగ్గరి చుట్టం. టూ సారు ఈ రెండింటి నడుమనున్న గట్టును దున్ని కలిపేసుకున్నారు.

ఆయనకు వ్యాకరణం రాదనడం అన్యాయమే అవుతుంది, ఎందుకంటే 'టూ... టూ' వాక్యాన్ని 'సో... దట్... నాట్'గా మార్చమన్న పదో తరగతి ప్రశ్నకు ఆయన పూర్తి మార్కులు తెచ్చుకున్నవారే. ఈ ఒక్క మాట మార్పిడికి ప్రత్యేక విభాగం కేటాయించిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కూడా ఇంట్లో అట్ట నలగకుండా ఉంది. అయినా కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే కుంటాల జలపాతం ఆయనకు 'టూ హై', అది దేనికి మించిన ఎత్తో మాత్రం సెలవియ్యరు.

జగిత్యాలలో ఒక పెండ్లి పంక్తిలో యాటకూరను 'టూ టేస్టీ' అని ఆయన మెచ్చుకోగా, పక్క విస్తరి ముందున్న విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు, "టూ టేస్టీ టూ ఈట్ అన్నట్టా బిడ్డా? అయితె తినకుంట లేవాలె మరి" అన్నారు. మూడోసారి వడ్డించుకుంటున్న టూ సారు "టూ ట్రూ సార్" అని ఒప్పుకున్నారు. యాదృచ్ఛికమే కావచ్చుగాని, అది శుద్ధమైన ఆంగ్ల జాతీయం.

విచిత్రమేమంటే, మెచ్చుకునేటప్పుడు దారి తప్పే ఈ మాట కోపం వచ్చిందంటే చక్కగా దారికొస్తుంది. బస్టాండు ముందర ఆటో కిరాయి రెట్టింపు చెప్పగానే ఆయన నోట వెలువడే "ఇది టూ మచ్" అన్న వాక్యంలో హద్దు ఉంది, దాన్ని దాటడమూ ఉంది, ఏ పరీక్షాధికారీ అరమార్కు కోయలేడు. "టూ మచ్ ఏడిది సార్, త్రీ మచ్ అడుగుతున్నరు గాళ్లు" అంటూ ఆటో అన్న వెనక వరుసను చూపిస్తాడు.